రెండు కళ్ల రహస్యం వెదకిన ఇబ్నుల్ హైసమ్

ఒక చిన్న పని చేసి చూడండి. కుడిచేతి బొటనవేలిని ముఖానికి మూరెడు దూరంలో నిలబెట్టండి. ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూడండి. తర్వాత కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూడండి. వేలు కదల్లేదు. అయినా వెనకనున్న గోడ మీద అది ఒకచోటి నుండి మరోచోటికి గెంతినట్లు కనిపిస్తుంది. అంటే మన రెండు కళ్లూ రెండు వేర్వేరు బొమ్మలు చూస్తున్నాయన్నమాట. మరి రెండు కళ్లూ తెరిస్తే కనిపించేది ఒకే వేలు కదా! ఆ రెండు బొమ్మలు ఎక్కడ కలుస్తున్నాయి? ఎలా ఒకటవుతున్నాయి?

చిన్నపిల్లలు అడిగే ప్రశ్నలాగే ఉన్నా, దీనికి జవాబు వెదకడానికి మహామహులు శతాబ్దాల తరబడి శ్రమించారు. ఆ వెదుకులాట నుండే చివరికి జంట ఫోటోల విద్య పుట్టింది. కళ్లకు ఆనించుకుని చూసే బొమ్మల పెట్టెలో కోటలు, కొండలు నిజంగా ఎదుట నిలబడినట్లు కనిపించడం మనలో చాలామందికి అనుభవమే. ఆ వింతకు ఆంగ్లంలో స్టీరియోస్కోప్ అని పేరు. దాన్ని తయారు చేసింది ఇంగ్లండులో, 19వ శతాబ్దంలో. అయితే రెండు కళ్ల చూపును ఊహలకు వదలక, చెక్క మీద మైనపు ముక్కలు నిలిపి ఓపికగా పరీక్షించిన మహనీయుడొకరు అంతకు 800 ఏళ్ల క్రితమే కైరో నగరంలో నివసించారు. ఆయనే ఇబ్నుల్ హైసమ్. యూరప్ వారు అల్ హాజెన్ అని పిలుచుకున్న ముస్లిం శాస్త్రవేత్త.

బస్రాలో బాల్యం

ఆయన పూర్తి పేరు అబూ అలీ అల్ హసన్ ఇబ్నుల్ హసన్ ఇబ్నుల్ హైసమ్. హిజ్రీ 354, అంటే క్రీస్తుశకం 965 ప్రాంతంలో ఇరాక్‌లోని బస్రా నగరంలో జన్మించారు. బస్రా ఆనాడు గొప్ప రేవు పట్టణం. ఒకవైపు ఓడల రాకపోకలు, వర్తకుల సందడి. మరోవైపు వ్యాకరణ పండితులు, తత్వవేత్తల చర్చలు. గ్రీకు గ్రంథాలు అప్పటికే అరబీలోకి తర్జుమా అయి ఉన్నాయి. ఉక్లైదిస్ రేఖాగణితం, బత్లమూస్ ఖగోళ శాస్త్రం, జాలీనూస్ వైద్యం చదువుకున్నవారి ఇళ్లలో కనిపించేవి. మన బడి పుస్తకాల్లో యూక్లిడ్, టాలెమీ, గాలెన్ అని రాసేది వీరినే.

చదువు పూర్తయ్యాక ఇబ్నుల్ హైసమ్ బస్రాలోనే ప్రభుత్వ కొలువులో చేరారని జీవిత చరిత్రకారులు రాశారు. కానీ దస్తావేజుల మధ్య ఆయన మనసు నిలవలేదు. గణితం, వెలుగు, అద్దాలు, ఆకాశం, ఇవే ఆయన లోకం. ఆ కొలువు నుండి ఎలాగో తప్పుకుని పూర్తిగా విద్యకే అంకితమయ్యారు. క్రమంగా ఆయన పేరు బస్రా పొలిమేరలు దాటి ఈజిప్టు వరకూ వినిపించింది.

నైలు నది మీద ఒక మాట

ఆ రోజుల్లో ఈజిప్టును ఫాతిమీ ఖలీఫా అల్ హాకిమ్ పరిపాలిస్తున్నాడు. విద్య అంటే ఇష్టం ఉన్న రాజు. 1005లో కైరోలో దారుల్ ఇల్మ్ అనే విద్యాలయాన్ని, పెద్ద గ్రంథాలయాన్ని నెలకొల్పాడు. అదే సమయంలో ఆయన కోపం ఎప్పుడు ఎవరి మీద విరుచుకుపడుతుందో తెలియక మంత్రులు సైతం వణికిపోయేవారు. ఆయన ఆజ్ఞతో ప్రాణాలు పోగొట్టుకున్న అధికారులు ఎందరో.

ఈజిప్టు బతుకంతా నైలు నదే. ఒక ఏడు వరద ఎక్కువై ఊళ్లు మునుగుతాయి. మరో ఏడు నీరు చాలక పంటలు ఎండి కరువొస్తుంది. తాను ఈజిప్టులో ఉంటే ఆ నదికి ఏదో ఒక ఉపాయం చేసి, వరదలోనూ కొరతలోనూ జనానికి మేలు జరిగేలా చూసేవాడినని ఇబ్నుల్ హైసమ్ ఒకసారి అన్నారట. ఆ మాట ఆ నోటా ఈ నోటా కైరో చేరింది. అల్ హాకిమ్ వెంటనే కబురు పంపించాడు. ఖర్చులకు ధనం కూడా పంపాడు. ఆ పండితుడు వస్తున్నాడని తెలిసి, నగరం వెలుపల ఖందక్ అనే గ్రామం దాకా ఖలీఫాయే స్వయంగా ఎదురువెళ్లి స్వాగతం పలికాడని చరిత్రకారుడు ఇబ్నుల్ ఖిఫ్తీ రాశాడు.

పనివాళ్లను, సామగ్రిని వెంటబెట్టుకుని ఇబ్నుల్ హైసమ్ నది వెంబడి దక్షిణానికి ప్రయాణం సాగించారు. దారి పొడవునా పురాతన కాలపు కట్టడాలు కనిపించాయి. ఎంత ఎత్తు! ఎంత నేర్పు! ఎంత లెక్క! వాటిని చూస్తున్నకొద్దీ ఆయన మనసులో ఒక సందేహం బలపడసాగింది. ఇంతటి కట్టడాలు కట్టినవారికి నదిని ఆపడం సాధ్యమే అయితే వారు ఏనాడో ఆపి ఉండేవారు కదా అని. చివరికి అస్వాన్ దగ్గర బండరాళ్ల మధ్య నది ఉరికే జనాదిల్ అనే చోటికి చేరి, నలువైపులా పరిశీలించారు. తాను దూరాన కూర్చుని ఊహించుకున్నది ఒకటి, కళ్లెదుట ఉన్నది మరొకటి. ఆ కాలపు సాధనాలతో అది జరిగే పని కాదని తేలిపోయింది.

ఆయన లెక్క తప్పింది. కానీ ఆలోచన తప్పని అనలేం. అదే అస్వాన్ దగ్గర మొదటి పెద్ద ఆనకట్ట 1902లో పూర్తయింది. నదిని నిజంగా అదుపులోకి తెచ్చిన మహా ఆనకట్ట పూర్తయింది 1970లో. అంటే తొమ్మిది వందల ఏళ్లకు పైగా పట్టిందన్నమాట.

పిచ్చివాడిగా నటించిన పండితుడు

ఇప్పుడు ఆయన ఎదుట రెండు దారులున్నాయి. ఏదో ఒక పని మొదలుపెట్టి, సాకులు చెబుతూ ఏళ్లు గడపడం ఒకటి. తిరిగి వెళ్లి తప్పు ఒప్పుకోవడం రెండోది. ప్రాణభయం ఉన్నా ఆయన రెండోదే ఎంచుకున్నారు. కైరో వచ్చి ఖలీఫా ఎదుట తన వల్ల కాదని విన్నవించుకున్నారు. ఖలీఫా ఆ విన్నపాన్ని మన్నించినట్లే కనిపించి, ఒక ప్రభుత్వ శాఖలో పదవి అప్పగించాడు. వద్దనే ధైర్యం చాలక ఆయన ఒప్పుకున్నారు. కానీ అలాంటి రాజు దగ్గర ఆ పదవి కత్తి అంచున నిలబడటమేనని ఆయనకు త్వరలోనే తెలిసొచ్చింది.

తప్పించుకోవడానికి ఆయనకు తోచిన ఉపాయం ఒక్కటే. మతి చలించినట్లు నటించసాగారు. మతి లేనివాడికి శిక్ష ఉండదు, బాధ్యతా ఉండదు. ఖలీఫా ఆయన ఆస్తిని స్వాధీనం చేసుకుని, బాగోగులు చూసేందుకు ఒక మనిషిని నియమించి, ఇంటి నుండి బయటికి రాకుండా కట్టడి చేయించాడు. లోకంలోని మేధావుల్లో ఒకరైన వ్యక్తి సంవత్సరాల తరబడి పిచ్చివాడనే ముద్రతో నాలుగు గోడల మధ్య గడిపారు. 1021లో అల్ హాకిమ్ ఒక రాత్రి నగరం వెలుపలికి వెళ్లి తిరిగి రాలేదు. ఆయన మరణవార్త రూఢి అయ్యాకనే ఇబ్నుల్ హైసమ్ తన నటనకు స్వస్తి చెప్పారు. ఆస్తి ఆయన చేతికి తిరిగి వచ్చింది.

ఆ తర్వాత ఆయన ఏ కొలువు వైపూ చూడలేదు. జామె అజ్‌హర్ ద్వారం దగ్గర ఒక గుమ్మటం కింద నివాసం ఏర్పరచుకున్నారు. రాతపనే జీవనాధారం. ఏటా ఉక్లైదిస్ గణితాన్ని, బత్లమూస్ అల్ మజస్తీని, వాటి మధ్య చదవవలసిన గ్రంథాలను చక్కని దస్తూరితో నకలు రాసి అమ్మేవారు. వాటికి 150 దీనార్లు వచ్చేవి. సంవత్సరమంతా ఆ సొమ్ముతోనే గడిపేవారు. మిగిలిన సమయం బోధనకు, పరిశోధనకు. జీవిత చరిత్రకారులు ఆయన రచనలు సుమారు 200 దాకా పేర్కొన్నారు. వాటిలో సగానికి పైగా కాలగర్భంలో కలిసిపోయాయి. 1040 ప్రాంతంలో ఆయన కైరోలోనే కన్నుమూశారు.

చూపు ఎక్కడి నుండి ఎక్కడికి?

ఆయన రచనలన్నిటికీ మకుటం ఏడు భాగాల కితాబుల్ మనాజిర్. చూపును గురించిన మహాగ్రంథం. గృహనిర్బంధంలో ఉండగానే దాన్ని మొదలుపెట్టారని కొందరు పండితులు, విడుదల తర్వాతనే రాశారని మరికొందరు అంటారు.

ఆయనకు ముందు ఉక్లైదిస్, బత్లమూస్ వంటి మహామహులు కంటి నుండే కిరణాలు వెలువడి వస్తువును తాకుతాయని, అందువల్లనే అది కనిపిస్తుందని నమ్మారు. ఇబ్నుల్ హైసమ్ ఆ పేర్లకు తల వంచి ఊరుకోలేదు. ఎండలో సూర్యుడి వైపు చూస్తే కళ్లు ఎందుకు మండుతాయి? ప్రకాశవంతమైన వస్తువును కాసేపు చూసి కళ్లు మూసుకుంటే దాని రూపు ఇంకా ఎందుకు కనిపిస్తూ ఉంటుంది? వెలుగు బయటి నుండి వచ్చి కంటి మీద పని చేయకపోతే ఇవి జరగవు కదా! వస్తువులోని ప్రతి బిందువు నుండీ వెలుగు అన్ని దిక్కులకూ తిన్నగా ప్రసరిస్తుందని, అది కంటిలో ప్రవేశించడం వల్లనే చూపు కలుగుతుందని ఆయన వాదించారు.

ఒక చీకటి గదికి చిన్న రంధ్రం చేశారు. వెలుపల కొన్ని దీపాలను వేర్వేరు చోట్ల నిలిపారు. ఎన్ని దీపాలుంటే లోపలి గోడ మీద అన్ని వెలుగు మచ్చలు పడ్డాయి. ఒక దీపాన్ని కప్పితే ఒక మచ్చే మాయమైంది. మూత తీస్తే తిరిగి వచ్చింది. ఒకే రంధ్రం గుండా వచ్చినా ఒక దీపం వెలుగు మరో దీపం వెలుగులో కలిసిపోలేదని దానితో రుజువైంది. పాక్షిక సూర్యగ్రహణ సమయంలో చిన్న రంధ్రం గుండా పడే వెలుగు నెలవంక ఆకారంలో ఎందుకు ఉంటుందో కూడా ఆయన ఒక ప్రత్యేక రచనలో వివరించారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కెమెరాను కనిపెట్టింది ఇబ్నుల్ హైసమేనని మన సభల్లో తరచూ వింటుంటాం. అది నిజం కాదు. రంధ్రం గుండా పడే వెలుగును గమనించినవారు ఆయనకు ముందు చైనాలోనూ, గ్రీసులోనూ ఉన్నారు. ఆ వెలుగును కాగితం మీద నిలిపే రసాయనాలు 19వ శతాబ్దంలో గాని రాలేదు. ఆయన చేసింది వేరే. వెలుగు నడకను పరీక్షల ద్వారా, గణితం ద్వారా రుజువు చేయడం. అది చిన్న విషయం కాదు. లేని గొప్ప అంటగడితే ఉన్న గొప్ప మరుగున పడుతుంది. తప్పు ఒప్పుకోవడానికి ఖలీఫా ఎదుట నిలిచిన మనిషికి అబద్ధపు కిరీటం అవసరం లేదు.

మూరెడు చెక్క, మూడు మైనపు ముక్కలు

ఇప్పుడు రెండు కళ్ల సంగతికి వద్దాం. కితాబుల్ మనాజిర్ మూడో భాగంలో ఆయన ఒక పరీక్ష వివరించారు. మూరెడు పొడవు, బెత్తెడు వెడల్పు ఉన్న నున్నని చెక్క తీసుకోవాలి. ఒక చివర మధ్యలో ముక్కు పట్టేటంత గాడి చేయాలి. చెక్క మీద పొడవునా మధ్యగా ఒక గీత, నడుమ అడ్డంగా ఒక గీత, మూల నుండి మూలకు రెండు గీతలు వేర్వేరు రంగుల్లో గీయాలి. మైనంతో మూడు చిన్న స్తంభాలు చేసి రంగులు అద్దాలి. గాడిలో ముక్కు ఆనించి, చెక్క మధ్యలో నిలిపిన స్తంభం మీదనే రెండు కళ్లూ నిలపాలి.

అప్పుడు ఆ నడిమి స్తంభం ఒక్కటిగానే కనిపిస్తుంది. అడ్డగీత మీద దానికి అటూ ఇటూ నిలిపినవి కూడా ఒక్కొక్కటిగానే కనిపిస్తాయి. కానీ మధ్యగీత మీద దానికి ముందొకటి, వెనకొకటి నిలిపితే ఆ రెండూ రెండేసిగా కనిపిస్తాయి. ఇది ఎవరైనా ఇంట్లో చేసి చూడవచ్చు. రెండు పెన్సిళ్లను ఒకదాని వెనక ఒకటి నిలబెట్టి దగ్గరిదాన్ని చూస్తే దూరపుది రెండవుతుంది. దూరపుదాన్ని చూస్తే దగ్గరిది రెండవుతుంది. రోజంతా మన కళ్లెదుట జరుగుతున్నా మనం గమనించని సంగతి ఇది.

బత్లమూస్ కూడా అంతకుముందు చెక్క మీద ఇలాంటి పరీక్షలు చేశాడు. ఇబ్నుల్ హైసమ్ వాటిని మరింత విస్తరించి, క్రమబద్ధం చేశారు. రెండు కళ్లూ ఎప్పుడూ కలిసే కదులుతాయని, చూస్తున్న వస్తువు రెండు కళ్లలోనూ సరిసమానమైన చోట పడితే ఒకటిగా, వేర్వేరు చోట్ల పడితే రెండుగా కనిపిస్తుందని ఆయన తేల్చారు. రెండు రూపాలూ నరాల వెంట ప్రయాణించి, ఆ నరాలు కలిసే చోట ఒకటవుతాయని భావించారు. ఆ కలయిక జరిగే చోటు మరింత లోపల, మెదడులో ఉందని నేటి వైద్యం చెబుతుంది.

అంతటితో ఆగలేదు. చూడటమంటే కేవలం వెలుగు పడటం కాదు, మనసు పోల్చి చూసుకుని నిర్ణయించడం కూడా అని ఆయన గ్రహించారు. దూరం ఎంతో మనం ఎలా తెలుసుకుంటాం? మనకూ ఆ వస్తువుకూ మధ్యనున్న నేలను, చెట్లను, ఇళ్లను వరసగా చూసి అంచనా కడతాం. మధ్యలో ఏ ఆనవాలూ లేకపోతే అంచనా తప్పుతుంది.

అయితే అసలు కీలకం ఒకటి ఆయనకు అందలేదు. రెండు కళ్లు చూసే బొమ్మల మధ్యనున్న చిన్న తేడా వల్లనే మనకు లోతు తెలుస్తుందన్నది ఆ కీలకం. ఆయన ఆ తేడాను చూపు పొరపాట్ల లెక్కలో చేర్చారు. ఆ పొరపాటే ఒక వరమని తెలియడానికి మరో 800 ఏళ్లు పట్టింది.

గ్రంథం చేసిన ప్రయాణం

ఆయన మరణించాక అల్లుడు బస్రాలో 1083-84లో కితాబుల్ మనాజిర్‌కు నకలు రాశాడు. ఆ ప్రతి ఇస్తాంబుల్‌లో భద్రంగా ఉంది. 1200 ప్రాంతంలో గ్రంథం లాటిన్‌లోకి తర్జుమా అయింది. రోజర్ బేకన్ వంటి యూరప్ పండితులు దాన్ని శ్రద్ధగా చదివారు. తూర్పున, ఇరాన్‌లో కమాలుద్దీన్ ఫారిసీ అనే శాస్త్రవేత్త ఆ గ్రంథానికి తన్‌ఖీహుల్ మనాజిర్ అనే గొప్ప వ్యాఖ్య రాస్తూ ఇంద్రధనుస్సు రహస్యాన్ని విప్పాడు. 1572లో లాటిన్ తర్జుమా బాసెల్ నగరంలో అచ్చయింది. 1604లో కెప్లర్ ఆ దారిలోనే ముందుకు సాగి, బొమ్మ పడేది కంటి వెనక పొర మీదనని తేల్చాడు. 1613లో బెల్జియానికి చెందిన ఆగ్విలోనియస్ అనే క్రైస్తవ గురువు ఇబ్నుల్ హైసమ్ గ్రంథాన్ని ఆధారం చేసుకుని రెండు కళ్ల చూపు మీద మరింత చర్చించాడు.

ఈ ప్రయాణంలో మన హైదరాబాద్‌కూ చోటుంది. 1888లో స్థాపితమైన దాయిరతుల్ మారిఫ్ సంస్థ ఫారిసీ వ్యాఖ్యను రెండు సంపుటాలుగా 1928-30 మధ్య ప్రచురించింది. 1938లో ఇబ్నుల్ హైసమ్ రాసిన చిన్న గ్రంథాలను ఒకచోట చేర్చి అచ్చువేసింది. వెలుగు మీద, అద్దాల మీద ఆయన రాసినవి దేశదేశాల పండితులకు హైదరాబాద్ ముద్రణ ద్వారా కూడా అందాయి. ఈ సంగతి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

జంట ఫోటోల పుట్టుక

1838లో లండన్ రాయల్ సొసైటీలో చార్లెస్ వీట్‌స్టన్ అనే ఆచార్యుడు ఒక వ్యాసం సమర్పించాడు. సంగీత వాద్యాలు తయారుచేసే కుటుంబంలో పుట్టిన వ్యక్తి. ఒకే వస్తువును కుడి కన్ను చూసినట్లు ఒక బొమ్మ, ఎడమ కన్ను చూసినట్లు మరో బొమ్మ గీసి, రెండు అద్దాల సాయంతో ఏ కంటికి ఆ బొమ్మనే చూపించాడు. చదునైన కాగితం మీది గీతలు ఒక్కసారిగా లోతు తెచ్చుకుని ఎదుట నిలబడ్డాయి. ఆ పరికరానికే స్టీరియోస్కోప్ అని పేరు పెట్టాడు. ఇబ్నుల్ హైసమ్ పరీక్షల్లో పొరపాటుగా కనిపించిన ఆ తేడాయే లోతుకు మూలమని ఆనాడు రుజువైంది.

మరుసటి ఏడు, 1839లో ఫోటోగ్రఫీ లోకానికి వెల్లడైంది. చేత్తో గీయడం ఇక అవసరం లేకపోయింది. రెండు కళ్ల మధ్య ఉన్నంత ఎడంతో రెండు ఫోటోలు తీస్తే చాలు. 1849లో డేవిడ్ బ్రూస్టర్ కటకాలు అమర్చిన చిన్న పెట్టె రూపొందించాడు. 1851 లండన్ మహా ప్రదర్శనలో విక్టోరియా రాణి దాన్ని చూసి ముచ్చటపడ్డాక, ఇంటింటా ఆ పెట్టెలు వెలిశాయి. 1861లో అమెరికాలో ఆలివర్ వెండెల్ హోమ్స్ అనే వైద్యుడు చేత పట్టుకుని చూసే చవక రకం తయారుచేశాడు. ఫ్రాన్సిస్ ఫ్రిత్ అనే ఆంగ్లేయుడు 1856లో జంట ఫోటోల కెమెరాతో ఈజిప్టు చేరి, నైలు వెంట ప్రయాణిస్తూ అస్వాన్ దాటి వెళ్లాడు. ఇబ్నుల్ హైసమ్ నిలబడి తన ఓటమిని ఒప్పుకున్న ఆ నది, ఆ పురాతన కట్టడాలు లండన్ ఇళ్లలో లోతుతో సహా కనిపించాయి.

వినోదం మాత్రమే కాదు

1939లో వచ్చిన వ్యూమాస్టర్ ఆ పెట్టెకు పిల్లల రూపమే. గుండ్రని అట్ట మీద 14 చిన్న ఫోటోలు, అంటే ఏడు దృశ్యాలు. 1984లో మలయాళంలో వచ్చి తెలుగులో చిన్నారి చేతనగా అనువాదమైన సినిమాను నల్లద్దాలు పెట్టుకుని చూసినవారికి కూడా ఈ సూత్రం అనుభవమే. ఆ అద్దాలు ఏ కంటి బొమ్మను ఆ కంటికే పంపుతాయి.

కానీ దీని ఉపయోగం వినోదంతో ఆగలేదు. 19వ శతాబ్దం చివరలో వైద్యులు రెండు ఎక్స్‌రే చిత్రాలు తీసి, గాయపడిన సిపాయి శరీరంలో తూటా ఎంత లోతున ఉందో కనిపెట్టసాగారు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానం నుండి తీసిన జంట ఫోటోలను పరిశీలించి శత్రువుల రాకెట్ స్థావరాలను గుర్తించారు. శాంతి కాలంలో అదే విద్య కొండల ఎత్తు, లోయల లోతు కొలిచి పటాలు గీయడానికి పనికొచ్చింది. 2005 మే 5న మన శ్రీహరికోట నుండి ఎగిరిన కార్టోశాట్-1 ఉపగ్రహానికి రెండు కెమెరాలుండేవి. ఒకటి ముందుకు, మరొకటి వెనక్కు వంగి ఒకే నేలను నిమిషం లోపు తేడాతో ఫోటో తీసేవి. ఆ జంట చిత్రాల నుండి నేల ఎత్తుపల్లాలు తెలిసేవి. కాలువ ఎటు తవ్వాలి, వరద నీరు ఎటు పారుతుంది అని లెక్కగట్టడానికి ఆ ఎత్తుపల్లాలే ఆధారం. నైలు వరదకు ఉపాయం వెదకిన మనిషి ఈ సంగతి తెలిస్తే ఎంత సంతోషించేవారో! 2021లో అంగారక గ్రహం మీద దిగిన అమెరికా యంత్రం తల మీద కూడా రెండు కళ్లలా రెండు కెమెరాలున్నాయి.

మన ఇంట్లోని కళ్లు

చివరగా ప్రతి తల్లీ తండ్రీ గుర్తుంచుకోవలసిన మాట ఒకటుంది. బిడ్డకు మెల్లకన్ను ఉంటే అదృష్టమని మన ఊళ్లలో ముచ్చటగా చెప్పుకుంటారు. పెద్దయితే అదే సర్దుకుంటుందని వదిలేస్తారు. అది ప్రమాదం. రెండు కళ్లూ ఒకే చోట నిలవకపోతే మెదడుకు రెండు వేర్వేరు బొమ్మలు అందుతాయి. ఆ గందరగోళం భరించలేక పసిమెదడు ఒక కంటి బొమ్మను పట్టించుకోవడం మానేస్తుంది. కన్ను ఆరోగ్యంగా ఉన్నట్లే కనిపించినా దాని చూపు క్రమంగా మందగిస్తుంది. లోతు తెలిసే వరం కూడా పోతుంది. చిన్న వయసులోనే కంటి వైద్యుడికి చూపిస్తే కళ్లద్దాలు, బాగున్న కంటికి కొంతకాలం మూత, అవసరమైతే శస్త్రచికిత్స ద్వారా చాలావరకు సరిదిద్దవచ్చు. ఏడెనిమిదేళ్లు దాటిన కొద్దీ కష్టమవుతుంది.

వైద్యుల దగ్గర ఒక పెద్ద ఈగ బొమ్మ ఉంటుంది. ప్రత్యేకమైన అద్దాలు పెట్టి చూపిస్తే, రెండు కళ్లూ కలిసి పనిచేసే బిడ్డకు ఈగ రెక్కలు కాగితం మీద నుండి పైకి లేచినట్లు కనిపిస్తాయి. పట్టుకోబోయి గాలిలో వేళ్లు కలుపుతుంది. ఆ తేడా తెలియని బిడ్డ వేళ్లను కాగితం మీదనే ఆనిస్తుంది. స్టీరియోస్కోప్ సూత్రం ఇలా ఒక పసిబిడ్డ చూపును కాపాడటానికి కూడా ఉపయోగపడుతోంది.

ఇబ్నుల్ హైసమ్ గౌరవార్థం చంద్రుడి మీద ఒక గుంటకు ఆయన పేరు పెట్టారు. ఇరాక్ నోట్ల మీద ఆయన బొమ్మ ముద్రించారు. 2015ను ప్రపంచమంతా వెలుగు సంవత్సరంగా జరుపుకున్నప్పుడు ఆయన గ్రంథానికి వెయ్యేళ్లని గుర్తు చేసుకున్నారు. అయితే ఆయన మనకు ఇచ్చిన అసలు ఆస్తి వేరు. సత్యం వెదికేవాడు పెద్దల మాటను సైతం పరీక్షించాలని, ఆ పరీక్ష చేస్తున్నప్పుడు తనను తాను కూడా అనుమానించుకోవాలని ఆయన బత్లమూస్ మీద రాసిన గ్రంథంలో బోధించారు. నైలు ఒడ్డున ఆయన ఆ పాఠాన్ని ముందుగా తన మీదే అమలు చేసుకున్నారు.

ఈ సాయంత్రం పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని రెండు పెన్సిళ్లతో ఆ పరీక్ష చేయించండి. ఒకటి రెండుగా కనిపించినప్పుడు ఎందుకని అడుగుతారు. వెంటనే జవాబు చెప్పేయకండి. కాసేపు వాళ్లనే వెదకనివ్వండి.